జేబులు

ముహర్రక్‌ల మా లాండ్రీ అంటే
ఒక తలుపు, రెండు ఇస్త్రీ బల్లలు,
ఆవిరికి చెమట పట్టిన ఒక అద్దం.
పొద్దుగాల ఐదింటికి బాయిలర్ పెడుతా.
ముందుగాల దగ్గుతది, తర్వాత గుర్రుమంటది,
ఆఖరికి నా మాట వింటది.

బట్టలు నీళ్లల్ల ఏసేముందు జేబులు చూసుడు నా పని.
పదకొండేండ్ల సంది
ఈ ఊరి జేబులల్ల చెయ్యి పెడుతున్న,
దొంగను కాను.
దొరికింది దొరికినట్టు చిన్న కవర్ల ఏసి
హేంగర్‌కు పిన్ను కొడుతా.

ఖర్జూరం గింజలు దొరుకుతయి. పెట్రోలు చీటీలు.
ఒకపారి కారు తాళం,
దాని ఎనకనే ఓనరు చెప్పుల్లేకుంట ఉరికొచ్చిండు.
ఒకపారి దవాఖాన కాయితం, ఎనిమిది మడతలు.
అరబ్బీ సదువరాదు నాకు.
అయితేంది, అన్నిపార్లు ఇప్పి అన్నిపార్లు మడిచిన కాయితం
ఏం చెప్తదో తెల్వదా?
దాన్ని సన్నని వేడి మీద ఇస్త్రీ చేసి పెట్టిన.
ఎందుకు చేసిన్నో ఇప్పటికీ తెల్వది.

మొన్న బేస్తారం
అబూ ఘానిమ్ తెల్ల తోబు, ఛాతి మీది జేబుల
నలిగిన టిష్యూ ముద్ద.
పారేద్దును, ఏందో గట్టిగ తగిలింది.
ఇప్పితే
పన్ను.
తెల్ల మక్కగింజ తీరు పాలపన్ను,
అడుగున ఎండిన నెత్తురు చుక్క.

షఫీకుల్‌ను పిలిచిన.
ఇద్దరం ట్యూబులైటు కింద అరచెయ్యి చాపుకొని చూసినం.
మెషిన్లు తిరుగుతనే ఉన్నయి, మాకే ఇనవడలే.
"మా దిక్కు ఎలుక బొక్కల ఏస్తరు" అన్నడు వాడు.
మా దిక్కు పెండల పెట్టి గూనపెంక మీదికి ఇసురుతరన్న.
నా మొదటి పన్ను పెంక మీద నిలవక
మూడుపార్లు దొర్లి కింద పడ్డది.
మా లచ్చన్న మామ నిచ్చెన ఎక్కి
దానికి జాగ చూపెట్టి దిగిండు.

మాపటికి అబూ ఘానిమ్ రానే వచ్చిండు.
తోబు కోసం కాదు, అదింకా ఆరనే లేదు.
కవరు చూసి ఛాతి మీద చెయ్యేసుకున్నడు.
పిల్లగాడు రెండు దినాల సంది ఒకటే ఏడుపట.
వీళ్ల దిక్కు పన్నును పొద్దు మీదికి ఇసురుతరట,
గాడిద పన్ను తీస్కో, జింక పన్ను ఇయ్యి, అని.
"చేతిల పన్ను లేకుంటే
సూర్యునికి ఏం చూపెట్టి అడుగుతడు వాడు?"
చేతులు తిప్పుకుంట నవ్విండు. "అల్‌హమ్దులిల్లా" అన్నడు.
అర దీనారు తీయబోతే వద్దన్న.

షట్టర్ దించినంక
నాలుకతోని నా పండ్లు ఎంచుకున్న.
ఇవి నాకెవరిచ్చిండ్రు?
అర్జీ పెట్టలే. ఏజెంటు లేడు.
మెడికల్ కోసం లైన్ల నిలవడలే,
అప్పు పత్రం మీద ఏలుముద్ర ఎయ్యలే.
ఊడిన కాడ మెత్తటి చిగురు,
నేను పండుకున్నంక
లోపట్నుంచి ఒకటి బయలెల్లి
సక్కగ ఆ సందు కాడికే వచ్చి ఆగింది.
చీకట్ల దానికి తొవ్వ ఎవరు చెప్పిండ్రు?

లింబాద్రి గుట్ట మీది నర్సింహసామీ,
నీ గుట్ట పేరే పెట్టిండ్రు నాకు.
నీతోని మాట్లాడినప్పుడల్లా అడుగుడే అయింది:
వీసా రెన్యూవల్ కావాలె,
బాకీ తీరాలె, మోకాలు గుంజుడు ఆగాలె.
అడగకముందే ఇచ్చినయి ఒక్కనాడన్న ఎంచిన్నా?
ఊరందరి జేబులు ఎతికేటోన్ని
ఆ రాత్రి నా జేబు దులిపిన.
ట్రంకు తాళం చెవి, నాలుగు సోంపు గింజలు,
ఒక గుండీ. అదెవరిదో మరి.

తెల్లారి శుక్కురారం, దుకాణం ఆలస్యం.
డాబా మీదికెక్కిన.
సముద్రం మీది తేమకు గోడలు కూడ తడిసి ఉన్నయి.
ఏ ఇంటి మీదనో ఒక పోరని గొంతు,
ఘానిమో, ఇంకొకడో,
సన్నగ, గట్టిగ, ఏదో అడుగుతున్నది.
పొద్దు ఎక్కింది.
చేతిల పన్ను ఉన్నదో లేదో నాకు కానరాలే,
మొఖం మాత్రం తీసుకున్నోని తీరే ఉన్నది.

కింద బాయిలర్ దగ్గుతున్నది.
షఫీకుల్ నాకన్న ముందు లేసినట్టుండు.
వస్తున్న సామీ,
వస్తున్న.